చీకటి హాల్లో మన ఫోటోలు ఎందుకు రావడం లేదు? ఉన్న 11,000 రూపాయలతో ఏం కొనాలి?

 

ఈ నెల గోడపత్రికలో నేను కెమెరా గురించి రాస్తున్నాను. మన బడిలో చదివి వెళ్ళిన అక్కలు అందరూ కలిసి మనకొక పాత కెమెరా, దాంతోపాటు 11,000 రూపాయలు ఇచ్చిన సంగతి మీ అందరికీ తెలిసిందే. ఆ డబ్బుతో ఏం కొంటే బాగుంటుందో రాసి ఇమ్మని ఫోటో బృందంలో ఉన్న మా ఐదుగురికీ హెచ్.ఎం. గారు చెప్పారు. శనివారం మీటింగు ఉంది. కొత్త కెమెరా కొందామని కొందరు, పెద్ద ఫ్లాష్ కొందామని కొందరు, జూమ్ కొందామని కొందరు అంటున్నారు. నేను మూడు నెలల నుంచి నోటుబుక్కులో రాసుకున్నవి, పీఎస్ సారు చెప్పినవి, ఫోటో స్టూడియో అన్నని అడిగి తెలుసుకున్నవి ఇక్కడ రాస్తున్నాను. అందరూ చదివి శనివారం లోపల మీ అభిప్రాయం చెప్పండి.

1. అసలు మనకు ఫోటో ఎందుకు?

కిందటి సంవత్సరం పదో తరగతి అక్కల వీడ్కోలు సభ రాత్రి పూట డైనింగ్ హాల్లో జరిగింది. థింసా ఆడాం. మన కెమెరాతోనే ఫోటోలు తీశాం. అందులో ఒకటి ప్రింటు వేయించి, ఆదివారం నన్ను చూడ్డానికి వచ్చిన మా అమ్మకు ఇచ్చాను. అమ్మ దాన్ని ఎండలో పట్టుకుని, అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "ఇందులో నా పిల్ల ఏది?" అని అడిగింది. తెల్ల రిబ్బన్లు కనబడుతున్నాయి, తెల్ల చొక్కాలు కనబడుతున్నాయి. మొహాలు ఉండాల్సిన చోట నల్లటి మరకలు ఉన్నాయి. నేను వేలు పెట్టి "ఇదిగో, ఇది నేనే" అన్నాను. అమ్మ సరేలే అని కొంగున కట్టుకుంది. సెలవులకి ఇంటికి వెళ్తే ఆ ఫోటో గోడ మీద లేదు.

మా అమ్మకు చదువు రాదు. మా ఇంట్లో బడికి వచ్చిన మొదటిదాన్ని నేనే. నేను ఉత్తరం రాస్తే అమ్మ ఎవరినో బతిమాలి చదివించుకోవాలి, మళ్ళీ దాన్ని మా కువి భాషలో చెప్పించుకోవాలి. ఫోటో ఐతే ఎవర్నీ అడగక్కర్లేదు, తనే చదువుకుంటుంది. పిల్ల చిక్కిందా, ఒళ్ళు చేసిందా, నవ్వుతోందా, ఏడుపు మొహం పెట్టిందా అన్నీ అమ్మకు తెలిసిపోతాయి. మన హాస్టల్లో చాలామంది అమ్మలు ఇలాగే ఉన్నారు. కాబట్టి ఇది సరదా విషయం కాదు అని నా ఉద్దేశం.

ఇంకొక సంగతి. మా క్లాసులో ఒక అమ్మాయి ఫోటో అంటే చాలు, వెనక్కి వెళ్ళి దాక్కుంటుంది. "నేను నల్లగా ఉంటాను, ఫోటోలో రాను" అంటుంది. ఆ వీడ్కోలు ఫోటోలు చూసి పెద్దవాళ్ళెవరో కూడా "మీ మొహాలు నలుపు కదమ్మా, అందుకే రాలేదు" అన్నారు. అది నిజమా, అబద్ధమా తెలుసుకుందామనే నేను ఇదంతా మొదలుపెట్టాను. అది అబద్ధం. ఎందుకో కింద రాస్తాను.

2. కెమెరా వెలుతురుని ఎలా పట్టుకుంటుంది?

మా ఊళ్ళో కొండ ఊట నీళ్ళు గొట్టంలో వస్తాయి. బిందె నిండాలంటే రెండే దార్లు. గొట్టం లావుగా ఉండాలి, లేకపోతే బిందెని ఎక్కువసేపు పెట్టాలి. కెమెరా కూడా అంతే. బిందెలో పడేది నీళ్ళు కాదు, వెలుతురు.

గొట్టం లావు అంటే లెన్సులో ఉండే కన్నం. దాన్ని అపర్చర్ అంటారు. ఎఫ్/1.8, ఎఫ్/3.5, ఎఫ్/5.6 అని అంకెలు ఉంటాయి. ఇక్కడ అందరూ పొరపాటు పడతారు. అంకె చిన్నదైతే కన్నం పెద్దది. భిన్నాల్లో కింది అంకె లాంటిదన్నమాట. రొట్టెని ఇద్దరికి పంచితే పెద్ద ముక్క, ఐదుగురికి పంచితే చిన్న ముక్క వచ్చినట్టు.

బిందె పెట్టిన సమయం అంటే షట్టర్. 1/15 సెకను, 1/125 సెకను అని ఉంటుంది. 1/15 అంటే ఎక్కువసేపు తెరిచి ఉంటుంది, వెలుతురు ఎక్కువ పడుతుంది. కానీ ఆ సేపట్లో మనం కదిలితే ఫోటో అలికినట్టు అయిపోతుంది. మన చెయ్యి వణికినా అంతే.

మూడోది ఐఎస్ఓ. ఇది ప్రార్థన మైకు లాంటిది. ఎవరైనా చిన్న గొంతుతో ప్రతిజ్ఞ చెప్తుంటే పీఈటీ మేడమ్ మైకు సౌండు పెంచుతారు కదా. గొంతు పెద్దగా వినబడుతుంది గానీ దాంతోపాటు గుయ్యిమనే శబ్దం కూడా పెరుగుతుంది. ఐఎస్ఓ పెంచితే ఫోటో తెల్లబడుతుంది, దాంతోపాటు ఫోటో నిండా ఇసక చల్లినట్టు చుక్కలు వస్తాయి. కొత్త వెలుతురు ఏమీ రాదు, ఉన్నదాన్నే పెంచి చూపిస్తుంది.

3. నేను చేసిన పరీక్ష

మన కెమెరా కానన్ 1300డి. ఇది 2016లో వచ్చిన మోడలు. దానికి ఉన్న లెన్సు 18-55. ఈ లెన్సుని జూమ్ చేయకుండా 18 దగ్గర ఉంచితే కన్నం ఎఫ్/3.5 దాకా తెరుచుకుంటుంది. 55 దాకా జూమ్ చేస్తే ఎఫ్/5.6 కంటే తెరుచుకోదు. మనం రాత్రి పూట మొహాలు దగ్గరగా రావాలని జూమ్ చేస్తున్నాం, అంటే చేజేతులా గొట్టాన్ని సన్నం చేసుకుంటున్నాం.

ఒక రాత్రి 7 గంటలకి, అన్నం గంట కొట్టకముందు, డైనింగ్ హాల్లో ఒకే చోట నిలబెట్టి మా స్నేహితురాలి ఫోటోలు తీశాను. ఫోటోలంటే దాక్కునే ఆ అమ్మాయే. "మొహం చూపించను, పరీక్ష కోసమే" అని బతిమాలితే ఒప్పుకుంది. నోటుబుక్కులో ఇలా రాసుకున్నాను:

ఒకటి: జూమ్ చేసి, ఎఫ్/5.6, ఐఎస్ఓ 1600, షట్టర్ 1/15. వెలుతురు సరిపోయింది గానీ మొహం అలికేసినట్టు ఉంది.

రెండు: జూమ్ చేసి, ఎఫ్/5.6, ఐఎస్ఓ 6400, షట్టర్ 1/60. కాస్త నిలకడగా వచ్చింది గానీ మొహం నిండా ఇసక.

మూడు: జూమ్ తీసేసి రెండడుగులు దగ్గరికి వెళ్ళి, ఎఫ్/3.5, ఐఎస్ఓ 1600, షట్టర్ 1/40. ముందు రెండిటి కంటే బాగుంది. కదలకుండా నిలబడితే చాలు.

నాలుగో పరీక్ష ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవానికి ఫోటోలు తీయడానికి వచ్చిన స్టూడియో అన్న దయవల్ల జరిగింది. ఆయన దగ్గర కానన్ 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్సు ఉంది. అడిగితే పది నిమిషాలు మన కెమెరాకి పెట్టుకోనిచ్చారు. అదే హాలు, అదే ట్యూబులైటు, అదే అమ్మాయి. ఎఫ్/2, ఐఎస్ఓ 1600, షట్టర్ 1/125. ఫోటో తీసి కెమెరా వెనక చూస్తే ఆమె కనురెప్పలు కూడా కనబడుతున్నాయి. అమ్మవారు పోసినప్పుడు చెంప మీద పడ్డ చిన్న మచ్చ కూడా కనబడుతోంది. నల్లగానే ఉంది, కానీ మరక లేదు, మొహం ఉంది. ఆమె కెమెరా నా చేతిలోంచి తీసుకుని చాలాసేపు చూసింది. "ఇది ప్రింటు వేయించి మా అమ్మకి ఇవ్వొచ్చా?" అని అడిగింది.

ఎందుకింత తేడా వచ్చింది? లెక్క చూడండి. ఎఫ్/1.8 అంటే 50ని 1.8తో భాగించడం. సుమారు 28 మిల్లీమీటర్లు. అంటే కన్నం మన పది రూపాయల బిళ్ళంత పెద్దది. ఎఫ్/5.6 అంటే 50ని 5.6తో భాగించాలి, సుమారు 9 మిల్లీమీటర్లు. చొక్కా గుండీ కంటే చిన్నది. వృత్తం వైశాల్యం వ్యాసార్థం వర్గాన్ని బట్టి పెరుగుతుందని లెక్కల మేడమ్ చెప్పారు కదా. 28ని 28తో గుణించి, 9ని 9తో గుణించి, దాంతో భాగిస్తే దాదాపు 10 వస్తుంది. అదే హాల్లో, అదే సమయంలో, 10 రెట్లు వెలుతురు లోపలికి వస్తుంది.

4. తప్పు మొహానిది కాదు, కొలతది

కెమెరాలో వెలుతురుని కొలిచే మీటరు ఉంటుంది. దానికి మనిషి ఎవరో, గోడ ఏదో తెలియదు. ఎదురుగా ఉన్నదంతా కలిపి నడిమధ్య బూడిదరంగు అయ్యేలా లెక్క వేస్తుంది. మన డైనింగ్ హాల్లో వెనక తెల్ల సున్నం గోడ. ముందు తెల్ల చొక్కాలు, తెల్ల రిబ్బన్లు. మీటరు ఆ తెలుపంతా చూసి "అబ్బో, ఇక్కడ వెలుతురు చాలా ఎక్కువ" అనుకుని వెలుతురు తగ్గించేస్తుంది. దాంతో తెలుపు బూడిదరంగు అవుతుంది, మన మొహాలు మరీ నల్లగా అయిపోతాయి.

దీనికి మందు కెమెరాలోనే ఉంది, పైసా ఖర్చు లేదు. ప్లస్, మైనస్ గుర్తులున్న బటన్ నొక్కి చక్రం తిప్పితే గీత మీద చుక్క కదులుతుంది. వెనక తెల్ల గోడ ఉంటే +1 దగ్గర పెట్టండి. వెలుతురు రెండింతలు తీసుకుంటుంది. గోడ కాస్త వెలిసిపోయినా ఫరవాలేదు, అమ్మ గోడని చూడదు. గోడ వదిలేసి మైదానం వైపు తిరిగి తీస్తే వెనకంతా చీకటి కాబట్టి ఇంత పెంచక్కర్లేదు.

పీఎస్ సారు ఇంకో విషయం చెప్పారు. ఫిల్ము కెమెరాల కాలంలో అమెరికాలో కోడాక్ కంపెనీ రంగులు సరిచూసుకోడానికి ల్యాబులకి ఒక కార్డు పంపేది. దాని పేరు షర్లీ కార్డు. దాని మీద ఒక తెల్లటి అమ్మాయి ఫోటో ఉండేది. ఆమె మొహం బాగా వచ్చేలా సరిచేసుకుని, మిగతా అందరి ఫోటోలూ అదే లెక్కన కడిగేవారు. నల్లవాళ్ళ ఫోటోలు బాగా రాకపోతే ఎవరూ పట్టించుకోలేదు. 1990ల్లో గానీ రకరకాల ఒంటిరంగుల మనుషులు ఉన్న కార్డు రాలేదు. అంటే అప్పుడు కూడా తప్పు మొహాలది కాదు. ఎవరి మొహాన్ని ముందు పెట్టుకుని కొలిచారు అన్నదే ముఖ్యం.

5. డబ్బు ఖర్చు లేకుండా ముందు చేయవలసినవి

(అ) మనిషిని ట్యూబులైటు సరిగ్గా కింద నిలబెట్టకండి. కళ్ళ కింద నీడ పడి దెయ్యంలా వస్తుంది. లైటుకి రెండు మూడు అడుగులు ఇవతల నిలబెట్టి, మొహం లైటు వైపు తిప్పమనండి.

(ఆ) పగలైతే కిటికీ పక్కకి రమ్మనండి. కిటికీ వెలుతురు ముందు ట్యూబులైటు దేనికీ చాలదు.

(ఇ) జూమ్ చేయకండి, మీరే నడిచి దగ్గరికి వెళ్ళండి.

(ఈ) షట్టర్‌ని 1/100 దగ్గర పెడితే మంచిది, వెలుతురు మరీ తక్కువైతే 1/50. మన దేశంలో కరెంటు సెకనుకి 50 సార్లు అటూ ఇటూ మారుతుంది. దానివల్ల పాత చోకు ట్యూబులైటు సెకనుకి 100 సార్లు వెలిగి తగ్గుతుంది. కంటికి తెలియదు, కెమెరాకి తెలుస్తుంది. అంతకంటే వేగంగా తీస్తే ఒక ఫోటో తెల్లగా, ఒకటి పసుపుగా, ఒకటి సగం చీకటిగా వస్తాయి.

(ఉ) థింసాలో అందరూ ఒకసారి ముందుకి వంగి లేచేటప్పుడు ఒక్క క్షణం ఆగుతారు. ఆడేవాళ్ళకి ఆ క్షణం తెలుసు. అప్పుడు నొక్కండి. ఈ విషయంలో బయట నుంచి వచ్చిన ఫోటోగ్రాఫర్ కంటే మనమే మేలు.

(ఊ) లెన్సు అద్దాన్ని లంగావోణీ కొంగుతో తుడవకండి. మెత్తని నూలు గుడ్డతో తుడవండి. డైనింగ్ హాల్లో పొగ, నూనె ఆవిరి అద్దం మీద పడితే ఫోటో మంచు పట్టినట్టు వస్తుంది.

(ఋ) ఇది వార్డెన్ మేడమ్ గారికి. మేడమ్, కోప్పడకండి. హాల్లో ఆరు ట్యూబులుంటే రెండు వెలగడం లేదు. ఆ రెండూ వెలిగితే ఉన్న వెలుతురుకి ఒకటిన్నర రెట్లు అవుతుంది. 20 వాట్ల ఎల్ఈడీ ట్యూబు ఒకటి 250 రూపాయలు చెప్పారు. మా జాబితాలో చవకైనవాటిలో ఇదొకటి. చిన్న తరగతుల చెల్లెళ్ళు రాత్రి అక్కడే కూర్చుని చదువుకుంటారు, వాళ్ళకీ మంచిది.

6. ఏం కొనాలి, ఏం కొనకూడదు?

కొత్త కెమెరా: దీని మీదే అందరికీ మోజు. కానీ మన డబ్బుకి వచ్చేది ఇప్పుడున్న లాంటిదే ఇంకొకటి. దానికీ అదే 18-55 లెన్సు ఉంటుంది. పెద్ద సెన్సరు ఉన్న కెమెరాలని ఫుల్ ఫ్రేమ్ అంటారు. దాని సెన్సరు వైశాల్యం మనదానికి సుమారు రెండున్నర రెట్లు. అది కొత్తది లెన్సుతో సహా కొనాలంటే లక్ష పైమాట. లక్ష పెడితే రెండున్నర రెట్లు, లెన్సు మారిస్తే 10 రెట్లు. ఏది లాభమో మీరే చెప్పండి.

జూమ్ లెన్సు: 55-250 అని ఒకటి ఉంది. మైదానంలో ఖోఖో ఆట తీయడానికి చాలా బాగుంటుంది. కానీ దాని కన్నం కూడా ఎఫ్/4 నుంచి ఎఫ్/5.6. చీకటి హాల్లో దీంతో పని లేదు.

పెద్ద ఫ్లాష్: వార్డెన్ మేడమ్ దీన్ని చెప్పారు. మేడమ్ చెప్పినదాంట్లో నిజం ఉంది. ఫ్లాష్‌ని మొహం మీదకి కాకుండా తెల్లటి స్లాబు మీదకి తిప్పి కొడితే, వెలుతురు పైనుంచి మెత్తగా పడి ఫోటో బ్రహ్మాండంగా వస్తుంది. మన తరగతి గదుల్లో ఐతే అలా చేయొచ్చు. కానీ డైనింగ్ హాలుకి స్లాబు లేదు, ఎత్తుగా రేకుల కప్పు ఉంది. అక్కడికి కొట్టిన వెలుతురు తిరిగి రాదు. ఇక నేరుగా మొహం మీద కొట్టాలి. నేరుగా కొడితే ఇంకో చిక్కు. దూరం రెండింతలైతే ఫ్లాష్ వెలుతురు నాలుగో వంతే చేరుతుంది. 2 మీటర్ల దూరంలో ముందు వరసలో ఉన్నవాళ్ళు సున్నం పూసినట్టు వస్తారు, 4 మీటర్ల దూరంలో వెనక వరసవాళ్ళు చీకట్లో ఉంటారు. మన దగ్గర వెనక వరసలో ఎప్పుడూ ఎవరు నిలబడతారో మీకు తెలుసు. కాబట్టి ఫ్లాష్ తర్వాత కొందాం.

ఫోను: మేడమ్ గారి ఫోనులో నైట్ మోడ్ ఉంది కదా అని కొందరు అడిగారు. అది చాలా ఫోటోలు వరసగా తీసి, అన్నీ కలిపి ఒకటి చేస్తుంది. కదలకుండా కూర్చున్నవాళ్ళకి బాగా వస్తుంది. ఆట ఆడేవాళ్ళకి చేతులు మాయమవుతాయి.

ట్రైపాడ్: మూడు కాళ్ళ స్టాండు. ఇది మన చెయ్యి వణుకుని ఆపుతుంది గానీ ఆడేవాళ్ళని ఆపదు. గ్రూపు ఫోటోకి, నాటకంలో అందరూ కదలకుండా నిలబడే దృశ్యానికి పనికొస్తుంది. మరీ ఖరీదైంది వద్దు.

50 ఎంఎం ఎఫ్/1.8 లెన్సు: మా ఐదుగురి మాట ఇదే. బరువు 160 గ్రాములే. ఐతే దీనికి కూడా కొన్ని ఇబ్బందులు ఉన్నాయి, దాచకుండా చెప్పాలి.

మొదటిది, ఇది జూమ్ అవదు. మన కెమెరా సెన్సరు చిన్నది కాబట్టి 4 మీటర్ల దూరం నుంచి తీస్తే సుమారు 1 మీటరు 80 సెంటీమీటర్ల వెడల్పే పడుతుంది. అంటే పక్కపక్కన నలుగురు. క్లాసంతా పట్టదు. అందుకని పాత లెన్సుని పారేయకూడదు. గ్రూపు ఫోటోలు పగలు వరండాలో పాత లెన్సుతోనే తీద్దాం.

రెండోది, కన్నం పూర్తిగా తెరిస్తే స్పష్టంగా వచ్చే మందం తగ్గిపోతుంది. 2 మీటర్ల దూరంలో ఎఫ్/1.8 పెడితే సుమారు 11 సెంటీమీటర్లే స్పష్టంగా ఉంటుంది. అర జానెడు. ముందున్న అమ్మాయి కళ్ళు బాగుంటే వెనకున్న అమ్మాయి మసకగా ఉంటుంది. ఇద్దరు ముగ్గురు ఉంటే ఒకే వరసలో నిలబెట్టి, 4 మీటర్ల దూరం వెళ్ళి ఎఫ్/2.8 పెట్టండి, అప్పుడు సుమారు 68 సెంటీమీటర్లు వస్తుంది. ఫోకస్ ఎప్పుడూ కంటి మీద పెట్టాలి. మన కెమెరాలో తొమ్మిది ఫోకస్ చుక్కలుంటే మధ్య చుక్క అన్నిటికన్నా గట్టిది, చీకట్లో దాన్నే వాడండి.

7. పాత లెన్సు కొనేటప్పుడు చూడవలసినవి

కొత్త లెన్సు తొమ్మిది, పది వేలు అవుతుందని స్టూడియో అన్న చెప్పారు. వాడిన లెన్సు బాగున్నది చూసి 6,000కి ఇప్పిస్తానన్నారు. సంతలో కోడిని రెక్కలెత్తి చూసి కొన్నట్టు దీన్నీ చూసి కొనాలి.

పేరు మీద ఈఎఫ్ అని ఉండాలి. ఆర్ఎఫ్ అని ఉంటే అది అద్దం లేని కొత్త రకం కెమెరాలది, మనదానికి పట్టదు. పేరులో ఎస్‌టీఎమ్ అని ఉంటే 2015లో వచ్చిన రకం, దానికి బిగించే చోట లోహపు చట్రం ఉంటుంది. అంతకు ముందుది 1990లో వచ్చిన రకం, బిగించే చోట కూడా ప్లాస్టిక్కే. అది కూడా పని చేస్తుంది గానీ ఎస్‌టీఎమ్ దొరికితే అదే మేలు.

లెన్సు వెనక నుంచి టార్చిలైటు వేసి ముందు నుంచి చూడాలి. లోపల సాలెగూడు లాంటి తెల్ల పోగులు కనబడితే బూజు పట్టిందని గుర్తు. అది కొనకూడదు. పైన ఒకటి రెండు దుమ్ము రేణువులు ఉంటే ఫరవాలేదు. కెమెరాకి బిగించి దగ్గర్నుంచి ఒకటి, దూరం నుంచి ఒకటి తీసి, ఫోకస్ దానంతటదే పడుతోందో లేదో చూడాలి.

కొన్నాక కూడా జాగ్రత్త కావాలి. మన మన్యంలో మంచు, వాన, తేమ ఎక్కువ. బట్టల పెట్టెలో పెడితే లెన్సుకి బూజు పడుతుంది. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి అందులో పెట్టాలి. కొత్త బూట్ల పెట్టెల్లో, మందు సీసాల్లో వచ్చే చిన్న పొట్లాలు అవే. ఎవరి దగ్గరైనా ఉంటే పారేయకుండా నాకు ఇవ్వండి.

మీ అన్నలు ఎవరైనా నికాన్ కెమెరా కొనుక్కుని ఉంటే వాళ్ళకి ఈ మాట చెప్పండి. నికాన్ 3000, 5000 వరసల డీఎస్ఎల్ఆర్ కెమెరాల్లో ఫోకస్ మోటారు ఉండదు. లెన్సు మీద ఏఎఫ్-ఎస్ అని ఉన్నదే కొనాలి. ఏఎఫ్-డీ అని ఉన్నది చవకగా వచ్చినా చేత్తో తిప్పుకుంటూ కూర్చోవాలి.

8. మా లెక్క

వాడిన 50 ఎంఎం లెన్సు: 6,000
ట్రైపాడ్: 1,700
ఎల్ఈడీ ట్యూబులు రెండు: 500
గాలి చొరని డబ్బా, సిలికా జెల్: 200
లెన్సు కొరియర్ ఖర్చు: 100
ఫోటో ప్రింట్లు 250, ఒకటి 10 రూపాయల చొప్పున: 2,500
మొత్తం: 11,000

చివరి దాన్ని చూసి "ప్రింట్లకి అంత డబ్బెందుకు? ఆ డబ్బు కలిపితే కొత్త లెన్సే వస్తుంది కదా" అని మా బృందంలోనే ఒకరు అన్నారు. అది కలిపినా తొమ్మిది వేలకి కొంచెం తక్కువే అవుతుంది. పైగా కొత్త లెన్సు కొంటే ప్రింటు వేయించడానికి ఏమీ మిగలదు. ఫోటో కార్డులోనే ఉండిపోతుంది. మా అమ్మ దగ్గర కంప్యూటరు లేదు. మన హాస్టల్లో 240 మందిమి ఉన్నాం. 250 ప్రింట్లు అంటే ప్రతి ఒక్కరికీ ఒకటి, పది చెడిపోయినా సరిపోతాయి. వాడిన లెన్సు, కొత్త లెన్సు రెండూ ఒకేలా తీస్తాయి. ఇంటికి వెళ్ళేది ప్రింటు మాత్రమే.

ఆగస్టు 9న తీసిన ఆ ఫోటో ఇంకా కార్డులోనే ఉంది. ఆ అమ్మాయి నన్ను ఇప్పటికి నాలుగుసార్లు అడిగింది. శనివారం మీటింగులో అందరూ ఒప్పుకుంటే, లెన్సు రాకముందే ఆ ఒక్క ప్రింటూ ముందు వేయించమని హెచ్.ఎం. గారిని కోరుతున్నాను.

నా వ్యాసంలో తప్పులుంటే పెద్దలు మన్నించి సరిదిద్దగలరు. లెక్కల్లో తప్పుంటే పక్కన పెన్సిలుతో రాయండి, స్కెచ్ పెన్నుతో రాయకండి.

ఇట్లు,
మీ సోదరి,
9వ తరగతి, ఫోటో బృందం